మా ఇంటి మీది అల్పపీడనం

ఆశ్వయుజ శుద్ధ దశమి. ఒకటో మెట్టు.

నిన్నటి ఉదయం మామూలుగానే తెల్లవారింది. నాలుగున్నరకు లేచాను. ఆ వేళకు గాలి బాగా పలచబడి, మళ్ళీ చిక్కబడడం మొదలవుతుంది. సముద్రానికి లాగే గాలికీ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పొద్దున్న పదికీ రాత్రి పదికీ పోటు. తెల్లవారుజామున నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ పాటు. మా నాన్న మమ్మల్ని ఈ లెక్క మీదే పెంచాడు.

స్నానం చేసి ఆరు పుల్లల నిచ్చెన దిగాను. సముద్రం పొంగి పెద్దనీరు వచ్చి పోయినప్పటి నుంచి ఇక్కడి ఇళ్ళన్నీ కాళ్ళ మీద ఉంటాయి. నేల మీద మిగిలినవి రెండే: కోళ్ళగూళ్ళు, రాళ్ళు. రాయి అంటే ప్రతి పెరట్లోనూ పాతిన మోకాలెత్తు నల్లరాయి. దాని మీద చెక్కపెట్టె, అందులో గాలి బరువు చెప్పే భారమితి. మాది రాగిచెంబంత ఉంటుంది. ఇల్లు లేచినా ఒరిగినా రాయి కదలదు. అందుకని భారమితి ఉండాల్సిన చోటు రాయి.

రాయి చుట్టూ ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాను. తమ్ముడు గవర్రాజు ఇంటి కాళ్ళ కింది జాకీలకు నూనె పోశాడు. మరదలు అచ్చియ్యమ్మ కోళ్ళను వదిలి, నూకలు చల్లుతూ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిట్టింది. ఆఖరి చెల్లెలు సుభాషిణి బడిపంతులమ్మ. దసరా సెలవులు కనుక ఎనిమిదింటికి లేచి, కాఫీ ఎందుకు చల్లారిందని నన్నడిగింది.

పదింటికి పిలుపు. తీరం పొడుగునా ఇంటికొకరం పలుకుపెట్టె ముందు కూర్చుని, ఉత్తరం నుంచి వరసగా ఎవరి అంకె వాళ్ళం పలుకుతాం. ఇది పాత ఆచారం. ఇప్పుడు భారమితులే తమ అంకెలను గాలిలో నేరుగా వాతావరణ కచేరీకి పంపుకుంటాయి. అయినా పిలుపు మానలేదు. మా పాయ మీద పన్నెండు ఇళ్ళు. మూడో ఇంటి ముత్యాలరావు రెండుసార్లు దగ్గి, "మూడో ఇల్లండి, వెయ్యీ ఎనిమిది మీద ఆరండి, ఆయ్" అన్నాడు. 'అండి'లూ 'ఆయ్'లూ అక్కర్లేదని గాలి కచేరీవాళ్ళు ఏటా చెబుతారు. నాలుగో ఇల్లు మాది. "వెయ్యీ ఎనిమిది మీద ఆరు" అన్నాను. ఎనిమిది దాటి ఆరు గీతలని అర్థం; పది గీతలైతే తొమ్మిది.

తరవాత ఆయుధపూజ. పన్నెండు ఇళ్ళవాళ్ళూ భారమితిని రాయి మీది నుంచి ఇంట్లోకి తెచ్చుకుని, పసుపు కుంకుమలు పెట్టి, సాయంత్రానికి తిరిగి రాయి చేర్చారు. నేను చేర్చలేదు. కిందటి తుపానుకు మా భారమితి గంటన్నర ముందు చెప్పింది. పన్నెండు ఇళ్ళూ బతికాయి. దానికి ఈ ఏడు అమావాస్య దాకా అఖండదీపం మొక్కుకున్నాను. దీపం వెలుగుతుండగా పీఠం మీది వస్తువును కదపకూడదు. ఇంటి ఎత్తుకు భారమితి రెండు గీతలు తక్కువ చూపుతుందని తెలుసు. పిలుపులో ఆ రెండూ కలిపి చెప్పుకుంటాను. ఖాళీ చెక్కపెట్టెకు తాళం వేసి, దండ వేసి వచ్చాను.

ఇవాళ పదింటికి ఇల్లు మూడడుగులు లేచింది.

ఇల్లు లేచిన రోజు నుంచి దిగే రోజు వరకు ఇంటి పెద్ద ఈ పుస్తకం రాయాలని, ముందురోజుతో మొదలుపెట్టాలని నియమం. రాశాను. పేరు పేరిందేవి. వయసు యాభై ఆరు.

శుద్ధ ఏకాదశి. రెండో మెట్టు.

మళ్ళీ లేచింది.

జాకీలకొక పెట్టె ఉంది. పదింటికి అది మా భారమితి అంకెను చుట్టుపక్కల పదకొండు ఇళ్ళ అంకెలతో పోల్చుకుంటుంది. మనది వాళ్ళకంటే నిన్నటి మీద ఒక్క గీత అదనంగా తగ్గినా, అల్పపీడనం మన నెత్తిమీద బలపడుతోందని ఒక మెట్టు లేపుతుంది. మెట్టంటే మూడడుగులు. చెయ్యి పెట్టడానికి లేదు, కచేరీవారి లక్క ముద్ర ఉంది. పూర్వం ఎదురింటి కంటే ఎత్తుగా ఉండాలని జనం ఎవరిళ్ళు వాళ్ళు లేపుకునేవారట.

గవర్రాజు అరుగు మీద నిలబడి ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు.

"నడినెత్తిన ఉందక్కా గుండం" అన్నాడు.

"కనబడుతోందా?"

"లేదు. నడినెత్తినున్నది ఎలా కనబడుతుంది? మెడ నొప్పెడుతోంది."

నిచ్చెనకు ఇంకో మూడు పుల్లలు కట్టాడు. నిన్నటివి మూడు, ఇవాళ్టివి మూడు.

మధ్యాహ్నానికి మా పాయ మీది పన్నెండు ఇళ్ళకూ కచేరీ ఎర్రగుడ్డ ఎత్తించింది. గుడ్డ ఉన్నన్నాళ్ళూ పడవ కదలకూడదు. వంజరం చేప తీరం దాటే రోజులివి. అమావాస్య దాటితే ఇక వచ్చే ఏడే. ముత్యాలరావుకు మూడు పడవలు. మా అరుగు కిందికి వచ్చి, మెడ ఎత్తి అరిచాడు.

"అప్పగారూ, మీరు భయపడకండి! మేవందరం ఉన్నాం!"

అతనికోసం కూడా దణ్ణం పెట్టుకున్నాను.

శుద్ధ త్రయోదశి. నాలుగో మెట్టు.

కోళ్ళు కింద, మేము పైన. అచ్చియ్యమ్మ గుడ్ల కోసం తాడు కట్టిన బుట్ట దించి, కోడిని బుట్టలోకి రమ్మని బతిమాలుతోంది. కోడి రాలేదు. పాలవాడు ఖాతా పాలు బుట్టలో పెట్టి, అల్పపీడనం తగులుతుందని పరుగెత్తాడు.

ఆఖరిదైన పదకొండో మెట్టుకు ఏమవుతుందని సుభాషిణి అడిగింది. గవర్రాజు చెప్పాడు. పదకొండు మెట్లు లేచేటంత గుండం వస్తే కింద నీరు నిండి ఉంటుంది. అందుకని పదకొండో మెట్టుకు కాళ్ళు ఇంటిని వదిలేస్తాయి. ఇల్లు తెప్పలా తేలుతుంది.

"నీరు లేకపోతే?"

"నీరు లేకుండా అన్ని మెట్లు ఎందుకు లేస్తుందే, పిచ్చిమొహమా?"

సుభాషిణి వేళ్ళ మీద లెక్కపెట్టింది. బహుళ పంచమి, పొద్దున్న పది.

శుద్ధ చతుర్దశి. అయిదో మెట్టు.

కచేరీ నుంచి తారకేశ్వర్ అనే పరిశోధకుడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. రాజధాని మనిషి. చుక్క వాన లేకపోయినా గొడుగు వేసుకుని గట్టు వెంబడి నడిచి వచ్చాడు.

అరుగు మీద దేశపటం పరిచాడు. పటం నిండా వంకర గీతలు. ఒకే బరువున్న గాలి ఎక్కడెక్కడ ఉందో కలుపుతూ గీసినవి. హిమాలయాల నుంచి సముద్రం దాకా ఒకే గీత సాగింది. మా పాయ దగ్గర మాత్రం ఒకదానిలో ఒకటి అయిదు వలయాలు. చంటిపిల్ల గాజుల్లా ఉన్నాయి. మధ్యలో చుక్క.

"ఇది మీ ఇల్లు" అన్నాడు. "ప్రపంచంలో ఇంత చిన్న అల్పపీడనం ఇంతవరకు నమోదు కాలేదు, అమ్మగారూ. అయిదు రోజులుగా అంగుళం కదలలేదు."

గవర్రాజు వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. వాడికి ఇంత గౌరవం ఎప్పుడూ జరగలేదు.

"భారమితి బాగా పనిచేస్తోందా?" అని తారకేశ్వర్ అడిగాడు.

"నిత్యం దణ్ణం పెట్టుకుంటున్నాను" అన్నాను.

"ఒకసారి చూడవచ్చా?"

"స్నానం చేశారా?"

"నిన్న చేశానండి."

అయితే కుదరదన్నాను. సంకేతం శుభ్రంగానే అందుతోంది, పరవాలేదన్నాడు. నిచ్చెన దిగి, పెరట్లో దండ వేసిన చెక్కపెట్టె చుట్టూ టేపు పట్టుకుని మూడుసార్లు తిరిగి కొలతలు రాసుకున్నాడు. పైనుంచి చూసిన అచ్చియ్యమ్మ, "పాపం భక్తి గల కుర్రాడు వదినా, ప్రదక్షిణ చేస్తున్నాడు" అంది.

తిరిగి వచ్చి కారణం చెప్పాడు. వేసవిలో వాయవ్యపు ఎడారి కాలిపోతుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాంతో అక్కడ దేశమంత అల్పపీడనం. చుట్టుపక్కల సముద్రాల మీది గాలంతా అటు పరుగెడుతుంది. మన వానలు అలా వచ్చినవే. సూత్రం పెద్దదానికైనా చిన్నదానికైనా ఒకటే.

"కనుక ఈ ఇంట్లో బాగా వేడి పుట్టే చోటు ఏదో ఉండాలి."

అందరూ అచ్చియ్యమ్మ వైపు చూశారు.

"నా మూకుడు వైపు చూస్తారేంటండీ?" అంది. "నేను నాలుగు వడలేస్తే దేశం మీద వాయుగుండం లేస్తుందా?"

"రోజూ వేస్తారా?" అన్నాడు తారకేశ్వర్, పుస్తకం తీసి.

"పండగ బాబూ! పండగకి వడలెయ్యక భూకంపాలేస్తారా?"

రాసుకున్నాడు.

పున్నమి. ఆరో మెట్టు.

నిన్న మధ్యాహ్నం నుంచి పొయ్యి ఆర్పాం. అటుకులు, పెరుగు, అరటిపళ్ళు. నాకు ఉపవాసం అలవాటే. గవర్రాజుకు కాదు. రాత్రంతా వంటింట్లోకి వెళ్ళి ఖాళీ మూకుడు చూసి వచ్చాడు.

పదింటికి అందరం గోడలు పట్టుకుని నిలబడ్డాం. ఇల్లు లేచింది.

అచ్చియ్యమ్మ చీరచెంగు నడుముకు దోపి, మూకుడు తెచ్చి తారకేశ్వర్ ముందు పెట్టింది.

"పొయ్యి ఆర్పినా లేచింది కదండీ. ఇప్పుడు దీనికి క్షమాపణ చెప్పండి."

చెప్పాడు. చదువుకున్నవాడు, పద్ధతి తెలిసినవాడు. ఆ తరవాత తొమ్మిది వడలు తిన్నాడు.

బహుళ పాడ్యమి. ఏడో మెట్టు.

ఇవాళ తప్పు ఇంటి కప్పుది. రేకు ఎండకు కాలి గాలిని లేపుతోందట. ఇల్లు ఇరవై ఏడడుగుల ఎత్తున ఉండగా గవర్రాజు నడుముకు తాడు కట్టుకుని రేకంతా సున్నం కొట్టాడు. కింద నిలబడి ముత్యాలరావు, "ఎడమ పక్క మిగిలిపోయిందండి గవర్రాజుగారూ, ఇంకాస్త ఎడమకండి, ఆయ్, మీ ఎడమకండి" అని సాయం చేశాడు. పడవ లేకపోయేసరికి అతనికి పొద్దు గడవడం లేదు.

బడి తెరవాల్సిన రోజు. ఎర్రగుడ్డ ఉన్నందున తెరవలేదు. సుభాషిణి ఊరుకోలేదు. పిల్లల్ని పెరట్లో కూర్చోబెట్టి, అరుగు మీది నుంచి పదమూడో ఎక్కం అరిచింది. కింద నుంచి ఎవరు తప్పు చెప్పారో తెలియక అందరినీ గుంజీలు తియ్యమంది. పైనుంచి ఎవరు తియ్యడం లేదో మాత్రం బాగా కనబడుతుందట.

దీపంలో నూనె పోశాను. భారమితికి తులసిదళం పెట్టాను. ముల్లు నిన్నటికంటే ఒక గీత కిందికి ఉంది.

బహుళ విదియ. ఎనిమిదో మెట్టు.

సున్నం వల్ల కాలేదు. మా ఇంటికీ ముత్యాలరావు ఇంటికీ మధ్య సందు ఉంది. సముద్రపు గాలి కొండల సందులో పడి జోరందుకున్నట్టు, అందులో గాలి ఇరుకునపడి పరుగెడుతోందేమో అని తారకేశ్వర్‌కు అనుమానం వచ్చింది. సందుకు అడ్డంగా ముత్యాలరావు పడవ తెరచాప కట్టించాడు. తెరచాప కదల్లేదు. గాలే లేదు.

సాయంత్రం తారకేశ్వర్ సామాను సర్దుకున్నాడు. ఈ అల్పపీడనం మీద పెద్ద వ్యాసం రాస్తాడట. దానికి మా ఇంటి పేరు పెడతానన్నాడు. గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి పంచమి నాడు మా ఇల్లు పడిపోతే?" అంది సుభాషిణి.

"అందుకే మీరంతా చవితి సాయంత్రానికల్లా దిగిపోవాలి. పై నుంచి ఆజ్ఞ వస్తుంది" అన్నాడు. "భారమితిని మాత్రం ఉన్నచోటే ఉంచండి. దాన్ని కదిపితే పరిశోధన చెడిపోతుంది."

కదపను అన్నాను.

బహుళ తదియ. తొమ్మిదో మెట్టు.

గాలి లేదు. దీపం నిలకడగా ఉంది. విష్ణుసహస్రం రెండుసార్లు.

బహుళ చవితి. పదో మెట్టు.

ఇవాళ్టిది ఎక్కువ రాయాలి.

పది గంటల పిలుపులో ముత్యాలరావు, "వెయ్యీ పది మీద రెండండి" అన్నాడు. నేను రెండు గీతలు కలిపి, "వెయ్యీ తొమ్మిది మీద రెండు" అన్నాను. ఇల్లు లేచింది. నిచ్చెన ముప్పై ఆరు పుల్లలైంది.

పదకొండింటికి ముత్యాలరావు పైకి వస్తానని కేక వేశాడు. అరవై రెండేళ్ళ మనిషి. భుజాన అరటిగెల, మెడలో పడవల్లో వాడే బుల్లి భారమితి. ఎక్కుతూ ఎక్కుతూ దాన్ని చూసి అరుస్తున్నాడు.

"కింద పది మీద రెండండి అప్పగారూ! ఇదిగో, సగం ఎక్కాను, తొమ్మిది మీద ఆరండి! గుండంలోకి ఒచ్చేసేనండి!"

అరుగు చేరి కూలబడ్డాడు. "తొమ్మిదండి. సరిగ్గా తొమ్మిది. గుండం కన్ను మీ అరుగేనండి."

నేను మంచినీళ్ళిచ్చాను. తాగాక వచ్చిన పని చెప్పాడు. వంజరం గుంపు పాయ ముఖం దాటుతోంది. గట్టు మీద నిలబడితే వెన్నులు కనబడుతున్నాయి. మూడు పడవలూ, వాటి మీద బతికే పద్నాలుగు మందీ తొమ్మిది రోజులుగా గట్టునే ఉన్నారు.

"ఎర్రగుడ్డ దింపమని కచేరీకి ఒక మాట చెప్తారేమోనని ఒచ్చేనండి. మీ మాటైతే వింటారు. ఒద్దంటే ఒద్దండి. మీ భారమితి అబద్ధం ఆడదు. కిందటేడు దాని మాట మీదే కదండీ మా ఇంటిల్లిపాదీ బతికింది."

ఆ బుల్లి భారమితిని నేను తీసుకుని చూశాను. తొమ్మిది. పూజగదిలో మాదీ తొమ్మిదే.

"ముత్యాలరావుగారూ, ఒకసారి కిందికి దిగి, రాయి దగ్గర ఎంతుందో చెబుతారా?"

దిగాడు. "పది మీద రెండండి!"

"ఇప్పుడు ఎక్కండి. మూడు పుల్లలకొకసారి చెప్పండి."

ఎక్కాడు. మూడు పుల్లలకొక గీత చొప్పున చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. సుభాషిణి ఎక్కాల్లా ఉంది.

"ఇంకొక్కసారి" అన్నాను.

అతను నా మొహం చూశాడు. ఏ మొక్కో అనుకున్నాడు. దిగాడు, ఎక్కాడు. ఈసారి పుల్లకీ పుల్లకీ మధ్య రామా అన్నాడు.

ఇల్లు లేస్తోందని నాకు తెలుసు. భారమితి ఇంట్లో ఉందని తెలుసు. పది రోజులుగా ఈ రెండూ విడివిడిగా తెలుసు. ఎత్తుకు రెండు గీతలు కలపాలని నవమి నాడే గుర్తుపెట్టుకున్నదాన్ని, ఇల్లు లేచాక కూడా ఆ రెండే కలుపుతూ వచ్చాను. పైగా కలిపింది పిలుపులో, నా నోటితో. జాకీల పెట్టె నా నోటి మాట వినదు, భారమితి మాట వింటుంది. ఇల్లు లేచేకొద్దీ అది తగ్గించి చెప్పింది. అది తగ్గించి చెప్పినకొద్దీ ఇల్లు లేచింది. ఎడారి లేదు, మూకుడు లేదు, రేకు లేదు. మా మీద అల్పపీడనమే లేదు.

పూజగదిలో నాలుగింటి దాకా కూర్చున్నాను. గాలి పాటుకు వచ్చే వేళకు బయటికి వచ్చి, అందరినీ పిలిచి, చెప్పాను.

ముత్యాలరావు కూడా విన్నాడు. మూడుసార్లు ఎక్కిన మోకాళ్ళతో దిగలేక మా అరుగు మీదే ఉన్నాడు. అచ్చియ్యమ్మ అతనికి అన్నం పెట్టి, ఆముదం రాయించింది.



"పది రోజులండి అప్పగారూ" అన్నాడు ముత్యాలరావు.

"అవునండి."

"మరి... నేను మొదటిసారి దిగెక్కినప్పుడే తెలిసిపోయిందాండి?"

"తెలిసింది."

"ఇంకోసారి ఎందుకు ఎక్కించేరండి?"

"కాదేమోనని ఆశ."

అతను మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గవర్రాజు గొంతు తగ్గించాడు. కింద కోళ్ళు తప్ప ఎవరూ లేరు, అయినా తగ్గించాడు. "అక్కా, ఇందులో ఏముంది? ఇప్పుడే భారమితిని రాయి మీద పెట్టేద్దాం. రేపు పదింటికి అంకె సరిపోతుంది. పదకొండో మెట్టు లేవదు, మనం ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. ఇల్లు రోజుకొక మెట్టు చొప్పున దిగొస్తుంది. గుండం బలహీనపడిందని కచేరీవాళ్ళే రాసుకుంటారు. ముత్యాలరావుగారు మన మనిషే. కచేరీకి తెలిస్తే మాత్రం..."

ఆ మాట వాడు పూర్తి చెయ్యలేదు. మా అందరికీ తెలుసు. భారమితిని రాయి మీది నుంచి తప్పించి అంకె పంపిన ఇంటికి మూడేళ్ళు భారమితి ఉండదు. నాన్న పోయిన నాటి నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా పొద్దున్న పదింటికి దాని అంకె పలికింది నేను. నా రోజుకు మొదలు అదే.

"పటంలో ఉండిపోతుంది కదా, అన్నయ్యా" అంది సుభాషిణి.

"ఏది?"

"ఈ పది రోజులూ. కచేరీ యంత్రం గడిచిన ఏళ్ళ పటాలు చూసే రాబోయే ఏడు గీస్తుంది. దసరాకి ఈ పాయ మీద గుండం లేస్తుందని నేర్చుకుంటుంది. వచ్చే ఏడు ఆకాశం ఎలా ఉన్నా నవమి మర్నాటికి ఎర్రగుడ్డ ఎత్తిస్తుంది. వంజరం వచ్చే రోజులకి. ఏటా."

ముత్యాలరావు తల వంచుకుని పంచె అంచు మడతపెడుతున్నాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళలో ఒక్కరూ ఈ పది రోజులూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

"వదినా" అంది అచ్చియ్యమ్మ. "ఆ కుర్రాడి వ్యాసం సంగతేంటి? మనింటి పేరు పెట్టేస్తాడు కదా?"

"పెట్టకుండా చెప్పాలి."

"అయ్యో" అన్నాడు గవర్రాజు. వాడికి అన్నిటికంటే అదే కష్టంగా తోచింది.

దీపం సంగతి నేనే అడిగాను. అమావాస్య దాకా వెలిగిస్తానని మొక్కుకుని, మధ్యలో పీఠం కదిపితే ఎలా? అచ్చియ్యమ్మ నా వైపు చూసిన చూపు నేను మరచిపోను.

"మీరు దీపం భారమితికి మొక్కారా, పీఠానికి మొక్కారా? భారమితి ఎక్కడుంటే దీపం అక్కడికి పోతుంది. లాంతరులో పెట్టి దింపుతాను. చాలు కదా?"

ముప్పై ఏళ్ళుగా పూజలు చేస్తున్నాను. నాకు తోచలేదు.

సాయంత్రం ఆరున్నరకు, ముత్యాలరావుగారి ఎదుట, ఇంటిల్లిపాదీ నిర్ణయించినది ఇది. భారమితిని ఇప్పుడే నేను ఒళ్ళో పెట్టుకుని బుట్టలో దిగి రాయి చేరుస్తాను. గవర్రాజు తాడు వదులుతాడు, జోకులు వెయ్యడు. రేపు పదింటి పిలుపులో అంకె చెప్పే ముందు, దశమి నుంచి చవితి దాకా మా ఇంటి అంకెలన్నీ తప్పని, వాటిని పటంలో నుంచి కొట్టెయ్యాలని, ఎర్రగుడ్డ వెంటనే దింపాలని, తప్పు పేరిందేవిదని తీరమంతా వినేలా నేనే పలుకుతాను. తారకేశ్వర్‌కు సుభాషిణి విడిగా జాబు రాస్తుంది, మర్యాదగా. ఇల్లు పూర్తిగా దిగేదాకా పది రోజులు గవర్రాజు రోజూ మూడు పుల్లలు విప్పుతాడు.

కచేరీ శిక్ష వేస్తే భారమితి ఆ మూడేళ్ళు ముత్యాలరావుగారి రాయి మీద, వారి దాని పక్కన ఉండడానికి ఆయన ఒప్పుకున్నారు. రోజూ పదింటికి నేను వెళ్ళి వారి పలుకుపెట్టెలో మూడో ఇంటి అంకె పలకవచ్చునని కూడా అన్నారు. ఆయనకు పడవలున్నాయి, ఆ వేళకు ఇంట్లో ఉండరట. నేను దణ్ణం పెట్టాను. ఆయన తడబడి, రెండుసార్లు దగ్గారు.

"ఒక్కటేనండి అప్పగారూ. మీరేమీ అనుకోకపోతే. మా ఇంట్లో దానికి పూజలొద్దండి. ఆయ్."

ఈ షరతును చేతులెత్తి ఆమోదించాం. అందరికంటే ముందు ఎత్తింది అచ్చియ్యమ్మ, రెండు చేతులూ. ఆఖరున నేను.